తీగల్లో రొద

వినుకొండ పేరులోనే వినడం ఉంది. రావణుడు సీతను ఎత్తుకుపోయిన కబురు రాముడి చెవిన పడింది ఈ కొండ మీదేననీ, అందుకే దీనికి ఆ పేరు వచ్చిందనీ స్థలపురాణం. కబురు చేరాలంటే చెప్పేవాడి గొంతు ఒక్కటే చాలదు. చుట్టూ ఉన్న రొద కూడా తగ్గాలి.

ఈ సంగతి దూరదర్శన్ కాలం చూసినవాళ్లకు బాగా తెలుసు. వీధిలో లూనా వెళ్తే టీవీ తెర మీద తెల్ల చుక్కలు బారులు తీరేవి. పక్కింట్లో బోరు మోటారు వేస్తే రేడియోలో వార్తల మధ్య 'టప్' మని చప్పుడు. ఆ లూనా స్పార్క్ ప్లగ్గులో రేగే ప్రతి నిప్పురవ్వా ఒక చిన్న రేడియో స్టేషనే. అయితే దానికి ఫలానా ఫ్రీక్వెన్సీ అంటూ ఉండదు. అన్ని ఫ్రీక్వెన్సీల మీదా ఒకేసారి అరుస్తుంది. కరెంటు ఉన్నట్టుండి పెరిగినా తరిగినా చుట్టూ విద్యుదయస్కాంత క్షేత్రం మారుతుంది. మారే క్షేత్రంలో ఏ తీగ ఉన్నా అందులో కొంత వోల్టేజి పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన ఈ సూత్రం మీదే జనరేటర్లు తిరుగుతున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్లు నడుస్తున్నాయి. మన డేటా తీగల్లోకి రొద చొరబడేదీ ఆ సూత్రం మీదే. వరమూ బెడదా ఒకే తల్లి బిడ్డలు.

ఇప్పుడు తెర మీద చుక్కలు కనబడవు. తీగలో వెళ్లేది బొమ్మ కాదు, సున్నాలూ ఒకట్లూ. పాత టీటీఎల్ చిప్పుల లెక్క తీసుకుంటే, 0.8 వోల్టు లోపు ఉన్నది సున్నా, 2 వోల్టులు దాటినది ఒకటి. పంపే చిప్పు సున్నాను 0.4 వోల్టు మించనివ్వదు. కాబట్టి దారిలో 0.4 వోల్టు రొద కలిసినా అవతలి చిప్పు దాన్ని సున్నాగానే చదువుతుంది. చదివి, మళ్లీ శుభ్రమైన సున్నాగా ముందుకు పంపుతుంది. రొద పేరుకుపోదు. డిజిటల్ గొప్పతనం అంతా ఇక్కడే ఉంది. చిక్కూ ఇక్కడే ఉంది. హద్దు దాటేదాకా తేడా తెలియదు, దాటగానే అంతా ఒక్కసారి కూలుతుంది. రేడియో గరగరలాడుతూనే మాట వినిపించేది. ఇంటర్నెట్టు మాత్రం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకే ఈ కాలపు రొదను పట్టుకోవడం కష్టం. 'నెట్ ఆగిపోయింది' అనే మాట వెనక మోటారు ఉందో, పిడుగు ఉందో, తెగిన తీగ ఉందో పైకి కనబడదు.

ఇంజనీర్లు ఈ సమస్యను మూడు ముక్కలుగా చూస్తారు. రొద పుట్టే చోటు, అది ప్రయాణించే దారి, దానికి బలయ్యే పరికరం. మూడింటిలో ఏ ఒక్కదాన్ని సరిచేసినా పని జరుగుతుంది. గత నూట నలభై ఏళ్లుగా మనిషి వీటిలో ఎక్కువగా పని చేసింది దారి మీద.

తొలి టెలిఫోన్లకు ఒకటే తీగ ఉండేది. కరెంటు తిరిగి వచ్చే దారి భూమి. ఖర్చు సగం తగ్గింది గానీ, 1880లలో, 90లలో నగరాల్లో విద్యుత్ దీపాలూ ట్రాములూ వచ్చేసరికి వాటి కరెంటు కూడా అదే భూమిలో తిరగడం మొదలైంది. ఫోనెత్తితే మాట కన్నా హోరు ఎక్కువ. రెండో తీగ వేయక తప్పలేదు. అలెగ్జాండర్ గ్రాహంబెల్ అప్పటికే మరో అడుగు ముందుకేశాడు. రెండు తీగల్నీ జడలా పెనవేస్తే బయటి రొద తగ్గుతుందని గుర్తించి 1881లో పేటెంటు తీసుకున్నాడు. పెనవేసిన జంటలో ఒక మెలికలో ఈ తీగ రొదకు దగ్గరగా ఉంటే, మరుసటి మెలికలో ఆ తీగ దగ్గరవుతుంది. మొత్తం మీద రెండింటికీ సమానంగా అంటుకుంటుంది. అవతలి కొసన పరికరం చూసేది రెండు తీగల మధ్య తేడానే కాబట్టి, సమానంగా అంటినది లెక్కలోకి రాదు.

తక్కెడ ఎరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మిరప కల్లంలో దుమ్ము లేస్తే రెండు పళ్లేల్లోనూ పడుతుంది. రెండింటా సమానంగా పడిన దుమ్ముకు ముల్లు కదలదు. ఒక్క పళ్లెంలో పడితేనే తూకం చెడుతుంది. పెనవేత పని ఆ దుమ్మును రెండు వైపులా సమానంగా పంచడం.

ఆ ఆలోచన ఇంకా ముసలిదవలేదు. ఈరోజు ఏ ఆఫీసులో చూసినా కనిపించే నీలిరంగు ఈథర్నెట్ కేబుల్‌ను చీల్చి చూస్తే నాలుగు జంటలుంటాయి. నాలుగింటి మెలికలూ ఒకే బిగువున ఉండవు. ఒక జంట రొద మరో జంటకు అంటకూడదని కావాలనే వేర్వేరు బిగువుల్లో పెనవేస్తారు. కొసన ప్లగ్గు బిగించేటప్పుడు మెలికలను అవసరానికి మించి విప్పేస్తే ఆ రెండంగుళాల దగ్గరే పాత రొద మళ్లీ లోపలికి వస్తుంది. కరెంటు మీటర్లలో, మిల్లు ప్యానెల్ బోర్డుల్లో వాడే ఆర్ఎస్-485 అనే తీగల పద్ధతి 1983 నాటిది. అదీ ఈ తక్కెడ సూత్రమే. అందుకే 1,200 మీటర్ల దాకా పోగలుగుతుంది. ఒక తీగను నేలతో పోల్చి చదివే ఆర్ఎస్-232కు 15 మీటర్లు దాటితే నమ్మకం లేదు. కార్లలో బ్రేకూ ఇంజనూ మాట్లాడుకునే క్యాన్ తీగలు బాష్ కంపెనీ 1986లో తెచ్చినవి. అవీ పెనవేసిన జంటే. పక్కనే స్పార్క్ ప్లగ్గులు మండుతున్నా మాట పోదు.

వినుకొండకు రొద సంగతి పెద్ద ఎత్తున వచ్చింది రైలు పట్టాల మీదుగా. గుంటూరు–గుంతకల్లు మార్గం ఒకప్పటి మీటరు గేజి. బ్రాడ్‌గేజి అయింది, ఇప్పుడు పట్టాల పైన 25 వేల వోల్టుల తీగ పరుచుకుంది. ఇంజను పై తీగ నుంచి కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు తిరిగి వెళ్లేది పట్టాల గుండా, కొంత నేల గుండా. అంటే వందల ఆంపియర్లు మోసే, కిలోమీటర్ల పొడవున్న ఒక మహా చుట్టు. దాని పక్కనే సమాంతరంగా రాగి టెలిఫోను తీగ పోతుంటే అది ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండో చుట్టుగా మారిపోతుంది. ఇది గరగరతో పోయే ప్రమాదం కాదు, మనిషి ప్రాణం మీదికి వచ్చేది. అందుకే అంతర్జాతీయ టెలికం మార్గదర్శకాలు ఇలా పుట్టే వోల్టేజి మామూలు వేళల్లో 60 వోల్టులు, షార్ట్ సర్క్యూట్ అయిన క్షణంలో 430 వోల్టులు దాటకూడదని హద్దు పెట్టాయి.

మన దేశం 1957లో 25 వేల వోల్టుల ఏసీ పద్ధతిని ఎంచుకున్నప్పటి నుంచీ ఎక్కడ రైలు మార్గం విద్యుదీకరణ జరిగినా తీగ లాగేవాళ్లతో పాటు సిగ్నల్, టెలికం సిబ్బందీ పనిలోకి దిగుతున్నారు. పట్టాల పక్క స్తంభాల మీద సాగే పాత తీగలు దిగిపోవాలి. వాటి బదులు లోహపు తొడుగున్న కేబుళ్లు భూమిలోకి వెళ్లాలి. పట్టాల్లో రైలు ఉందో లేదో చెప్పే డీసీ ట్రాక్ సర్క్యూట్లకు పాత రిలేలు తీసేసి, ఏసీ కరెంటు సోకినా చలించని రిలేలు పెట్టాలి. కొన్ని రకాల ట్రాక్ సర్క్యూట్లు ఇంకా తెలివైనవి. అవి పట్టాల్లోకి ఒకే స్వరం పంపవు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాల మధ్య ఒక లయలో మారుతూ ఉంటాయి. కొత్త ఇంజన్లలోని కన్వర్టర్లు ఎంత గట్టిగా మోగినా ఆ లయ పట్టలేవు. కాబట్టి ఇంజను రొదను సిగ్నలు తన మాటగా పొరబడదు. మామూలు ప్రయాణికుడు కిటికీలోంచి చూసేది స్తంభాలూ తీగలే. ఆ స్తంభాలు నిలవడానికి ముందే నేల కింద ఇంత పని జరిగిందని తెలియడం అవసరం.

ఈ రంగంలో తెలుగు నేలకు ప్రత్యేకమైన చోటుంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే 'కవచ్' వ్యవస్థ తొలి క్షేత్ర పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి–వికారాబాద్ వైపు జరిగాయి. దాన్ని తయారుచేసిన తొలి మూడు సంస్థలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మూడూ హైదరాబాదువే. 2020లో దీన్ని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఎదురెదురుగా వచ్చిన రెండు ఇంజన్లను రైల్వే మంత్రి సమక్షంలో అది ఆపి చూపించింది. పట్టాల మధ్య బిగించిన ట్యాగులు ఇంజను ఎక్కడుందో చెబుతాయి. స్టేషనుకూ ఇంజనుకూ మధ్య మాట యూహెచ్ఎఫ్ రేడియో మీద నడుస్తుంది. ఇదంతా 25 వేల వోల్టుల తీగ కింద, ఇంజను నెత్తిన కరెంటు అందుకునే ప్యాంటోగ్రాఫు తీగను వదిలి పట్టుకున్న ప్రతిసారీ నీలిమెరుపు రేగే చోట జరగాలి. ఇక్కడ రొదతో పోరాటం రెండంచెలుగా ఉంటుంది. ఒకటి, సందేశం చెడకుండా చూడటం. రెండోది ఇంకా ముఖ్యం. చెడిపోయిన సందేశాన్ని మంచిదని నమ్మకపోవడం. ప్రతి సందేశం వెంట ఒక సరిచూపు లెక్క వస్తుంది. లెక్క కుదరకపోతే ఇంజను ఆ మాట వినదు. కొంతసేపు సరైన మాట ఏదీ అందకపోతే జాగ్రత్త వైపే మొగ్గుతుంది. ఇంటి ఇంటర్నెట్టుకూ రైలు సిగ్నలుకూ ఉన్న అసలు తేడా ఇదే. సికింద్రాబాదులో 1957 నుంచి నడుస్తున్న ఇరిసెట్ సంస్థలో దేశం నలుమూలల సిగ్నల్ సిబ్బందీ నేర్చుకునే పాఠం కూడా ఇదే.

పట్టాల నుంచి ఊళ్లోకి వస్తే, బ్రాడ్‌బ్యాండు తొలి రోజుల కథ ఒకటి గుర్తు చేసుకోవాలి. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో పాత ల్యాండ్‌లైను రాగి తీగ మీదే ఇంటర్నెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. మాట కోసం వేసిన తీగ అది. దాని మీద ఏడీఎస్ఎల్ పద్ధతి 1,100 కిలోహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం 837 కిలోహెర్ట్జ్. సరిగ్గా ఆ పట్టీ నడుమ. స్తంభాల మీద కిలోమీటర్లు సాగే టెలిఫోను తీగ మంచి ఏరియల్ కూడా కాబట్టి, రేడియో అందులోకి దిగుతుంది. ఏడీఎస్ఎల్ రూపకర్తలు దీన్ని ముందే ఊహించారు. మొత్తం పట్టీని 4.3 కిలోహెర్ట్జ్ వెడల్పున్న సన్నని పాయలుగా కోశారు. మోడెం ఆన్ కాగానే ఒక్కో పాయలో రొద ఎంతో కొలుస్తుంది. ప్రశాంతంగా ఉన్న పాయలో ఎక్కువ డేటా పోస్తుంది, రేడియో మోగుతున్న పాయను వదిలేస్తుంది. శత్రువును ఓడించకుండా అతనున్న దారి తప్పుకుని వెళ్లే ఈ ఉపాయం ఎంతో ఎన్నదగినది. గబ్బిలాల్లోనూ ఇలాంటిదే ఉందని పరిశోధకులు గమనించారు. ఒకే చోట రెండు ఎగురుతూ ఒకే స్వరంలో కూస్తే ప్రతిధ్వనులు కలగాపులగం అవుతాయి కాబట్టి, కొన్ని జాతులు తమ స్వరం కొంచెం మార్చుకుంటాయి. 1895లో వినుకొండలో పుట్టిన కవి జాషువా తన కావ్యంలో సందేశానికి గబ్బిలాన్నే ఎంచుకోవడం ఇక్కడ మనసుకు రాక మానదు.

అయితే సన్నని పాయల ఉపాయం స్థిరంగా మోగే రేడియోకు పనికొస్తుంది గానీ, ఠక్కున కొట్టి పోయే రొదకు సరిపోదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబర్‌హోసన్ అనే పల్లెలో ఏడాదిన్నర పాటు ప్రతి ఉదయం ఏడింటికి ఊరంతటా ఇంటర్నెట్టు కుంటుపడేది. కేబుళ్లు మార్చి చూశారు, లాభం లేకపోయింది. చివరికి ఇంజనీర్లు చేత్తో పట్టుకునే స్పెక్ట్రం అనలైజరుతో తెల్లవారుజామున వర్షంలో ఊరంతా తిరిగారు. ఒకరి ఇంట్లో పాత టీవీ ఉంది. ఆ ఇంటివాళ్లు ఉదయం ఏడింటికి దాన్ని వేస్తున్నారు. దాని నుంచి పుట్టిన విద్యుత్ విస్ఫోటం ఊరి తీగలన్నింటినీ తాకుతోంది. టీవీ ఆపేశారు, సమస్య తీరింది. 2020 సెప్టెంబరులో ఇది ప్రపంచ వార్త అయింది. ఒక్క పరికరం ఊరినంతటినీ మూగచేయగలదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. మన పల్లెల్లో మోటారు స్టార్టర్లూ, చవక ఎల్ఈడీ బల్బులూ, వెల్డింగు మిషన్లూ ఎన్నున్నాయో లెక్కేసుకుంటే, మనకు తెలియకుండా ఎన్ని అబర్‌హోసన్లు ఉండి ఉంటాయో ఊహించవచ్చు.

రాగి ఉన్నంత కాలం ఈ తంటా తప్పదు. గాజుకు మారితే దారి మీది రొద పూర్తిగా తెగిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ఆ పని చేసిన తీరు దేశంలో చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఫైబర్‌నెట్ కోసం నేల తవ్వకుండా, కరెంటు స్తంభాల మీదే ఫైబరు వేలాడదీశారు. సుమారు 24 వేల కిలోమీటర్లు. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో 2016 డిసెంబరులో తొలి ప్రయోగం, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా జాతికి అంకితం. డేటా తీగను కరెంటు తీగకు దూరంగా ఉంచమని వందేళ్లకు పైగా చెబుతూ వచ్చిన పాఠానికి ఇది పూర్తిగా ఎదురు. అయినా పని చేసింది, ఎందుకంటే ఆ కేబుల్లో లోహమే లేదు. బరువు మోయడానికి అరమిడ్ దారాలు, మాట మోయడానికి వెంట్రుకంత గాజు. అందులో నడిచేది కాంతి. 11 వేల వోల్టుల తీగ పక్కన వేలాడుతున్నా దానికి ఆ సంగతే తెలియదు. కాంతి కంపనం సెకనుకు రమారమి రెండు వందల లక్షల కోట్లు. కరెంటు కంపనం సెకనుకు 50. వాటికి ఒకదానితో ఒకటి మాటే కలవదు. పిడుగు పడితే ఫైబరు గుండా రౌటరులోకి వచ్చేది కూడా ఏమీ ఉండదు. ల్యాండ్‌లైను రోజుల్లో ఉరుము వినగానే ఫోను ప్లగ్గు పీకేసిన ఇళ్లకు ఈ తేడా విలువ తెలుసు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. 110 కేవీ దాటిన పెద్ద టవర్ల మీద లోహం లేని ఈ కేబులు కూడా పూర్తి క్షేమం కాదు. పై తొడుగు మీద దుమ్ము, తేమ పేరుకుని, అక్కడక్కడా ఆరి, ఆ ఆరిన పట్టీల మీద చిన్న చిన్న నిప్పురవ్వలు రేగి తొడుగును తినేస్తాయి. అందుకే అలాంటి చోట్ల ప్రత్యేక తొడుగు వాడతారు, లేదా టవరు శిఖరాన పోయే ఎర్త్ తీగ కడుపులోనే ఫైబరు పెడతారు.

స్తంభాల మీది ఫైబరుకు రొద బాధ తీరింది గానీ, మరో బాధ మొదలైంది. గాలివాన, కొమ్మలు, కోతులు, స్తంభం మార్చేటప్పుడు తెగడం, పత్తి బోరేలు ఎత్తుగా కట్టుకుని వెళ్లే ట్రాక్టరుకు తగులుకోవడం. ఇవేవీ విద్యుదయస్కాంతానివి కావు. లైన్‌మన్ చేతిలో, స్ప్లైసింగ్ మిషన్ దగ్గర తీరేవి. అయినా రాగితో పోలిస్తే ఇది మంచి బేరమే. తెగిన ఫైబరు ఎక్కడ తెగిందో కాంతి పంపి మీటర్లలో చెప్పవచ్చు. రొద ఎక్కడ పుడుతోందో కనుక్కోవడానికి వేల్స్ పల్లెకు ఏడాదిన్నర పట్టింది.

ఫైబరు ఊరి దాకా, ఇంటి దాకా వస్తుంది. ఆ తర్వాతి చివరి యాభై మీటర్లు మళ్లీ రాగే. పత్తి జిన్నింగు మిల్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీ, ఆక్వా చెరువు, వేబ్రిడ్జి, ఏది చూసినా కథ అంతే. మన ప్రాంతంలో అసలు రొద కేంద్రాలు కూడా ఇవే.

కోల్డ్ స్టోరేజీ కంప్రెసరుకూ మిల్లు మోటారుకూ ఇప్పుడు డ్రైవులు పెడుతున్నారు. మోటారు వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చి కరెంటు ఆదా చేసే పరికరాలివి. వాటి లోపలి స్విచ్చులు సెకనుకు వేలసార్లు వోల్టేజిని ఎగరేసి దించుతాయి. ఒక్కో ఎగురుడుకు సెకనులో కోటో వంతు చాలు. అంత వేగంగా మారే వోల్టేజి రొద మెగాహెర్ట్జ్ దాకా వ్యాపిస్తుంది. డ్రైవు నుంచి మోటారు దాకా పోయే కేబులు దానికి ఏరియల్ అవుతుంది. అదే కేబుల్ ట్రేలో ఉష్ణోగ్రత సెన్సరు తీగ కూడా వేస్తే, తెర మీద గది ఉష్ణోగ్రత తైతక్కలాడుతుంది. చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. మోటారు కేబులు లోహపు తొడుగుతో ఉండాలి. ఆ తొడుగును రెండు కొసల్లోనూ చుట్టూరా బిగించి ఎర్తు చేయాలి, సన్నని తోకలా ఒక తీగ తీసి కట్టడం కాదు. ఆ తోక కొన్ని అంగుళాలే అయినా మెగాహెర్ట్జ్ రొదకు అది గోడలా అడ్డం నిలుస్తుంది. డేటా తీగలు వేరే ట్రేలో పోవాలి. రెండూ కలవక తప్పకపోతే లంబకోణంలో అడ్డంగా దాటాలి, జంటగా సాగకూడదు.

వేబ్రిడ్జి కాటా ఇంకా సున్నితం. లారీ ఎక్కిన పళ్లెం కింద లోడ్ సెల్స్ ఉంటాయి. వాటికి 10 వోల్టులు ఇస్తే పూర్తి బరువు దగ్గర అవి తిరిగి ఇచ్చేది 20 మిల్లీవోల్టులు. 60 టన్నుల కాటా అయితే ఒక్క కిలోకు వచ్చేది మైక్రోవోల్టులో మూడో వంతు. మిర్చి టిక్కీ ఒకటి 40 కిలోలనుకుంటే 13 మైక్రోవోల్టులు. కాటా పక్కన మోటారు స్టార్టరు కొట్టినా, జేబులో సెల్‌ఫోను టవరును వెతుక్కున్నా అంతకంటే ఎక్కువే తీగలోకి ఎక్కవచ్చు. కాబట్టి రక్షణ కవచమున్న కేబులు, వడపోత, కాసేపటి సగటు అన్నీ వాడతారు. ఈమధ్య వస్తున్న డిజిటల్ లోడ్ సెల్స్ ఇంకో మెట్టు పైన ఉన్నాయి. బరువును అక్కడికక్కడే, సెల్ కడుపులోనే అంకెగా మార్చేస్తాయి. తీగలో పోయేది మైక్రోవోల్టు కాదు, సరిచూపు లెక్కతో కూడిన సందేశం. రొదను జయించే మార్గాల్లో ఇది చాలా బలమైనది. మాటను పుట్టిన చోటే అంకెగా మార్చాలి, బలహీనంగా ఉన్నప్పుడు దూరం పంపకూడదు. రైతు బరువు నిజంగా పడాలంటే కాటా ఎదుట నిలబడటమే కాదు, దాని కింద ఏ తీగ ఎలా పోతోందో కూడా ఎవరో ఒకరు చూడాలి.

ఇక ఎర్తింగు. ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. కవచాలు, ఫిల్టర్లు, పిడుగు రక్షణ పరికరాలు, అన్నీ పట్టిన రొదను చివరికి దింపుకునే చోటు భూమి. ఆ దారే సరిగా లేకపోతే వేలు పోసి కొన్న పరికరాలు అలంకారాలే. వినుకొండ చుట్టుపక్కల నల్లరేగడి నేల ఎక్కువ. పత్తికీ మిర్చికీ అది అమ్మలాంటిది. తడిగా ఉన్నప్పుడు కరెంటునూ చక్కగా తీసుకుంటుంది. వేసవిలో మాత్రం ఎండి, కుంచించుకుని, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. భూమిలో దింపిన ఎర్త్ రాడ్డు చుట్టూ మట్టి వదులైపోతుంది. వానాకాలంలో మంచి రీడింగు ఇచ్చిన ఎర్త్ పిట్టే మే నెలలో పనికిరాకుండా పోతుంది. పిడుగులు ఎక్కువగా పడేది ఆ ఎండిన నేల మీదే, తొలకరికి ముందు గాలివానల్లో. ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్లు పోయడానికి గొట్టం పెట్టమని పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఇందుకే. దేశపు ఎర్తింగు ప్రమాణం ఐఎస్ 3043లోనూ నేల తేమకు ఉన్న ప్రాముఖ్యం వివరంగా ఉంది.

ఎర్తు ఎక్కువైనా చిక్కే. రెండు భవనాల మధ్య రాగి డేటా కేబులు వేసి, దాని కవచాన్ని రెండు చోట్లా రెండు వేర్వేరు ఎర్త్ పిట్లకు కడితే, ఆ రెండు నేలల మధ్య ఉన్న వోల్టేజి తేడా కవచం గుండా కరెంటై ప్రవహిస్తుంది. పాత సీసీ కెమెరాల తెర మీద మెల్లగా పైకి పాకే అడ్డ పట్టీలు అక్కడి నుంచి వచ్చేవే. అందుకే భవనం దాటి పోవలసిన ఏ డేటా తీగకైనా ఫైబరు వాడటం మేలు. ధర ఇప్పుడు రాగికి దగ్గరగానే ఉంది.

ఇంత చేసినా కొంత రొద మిగులుతుంది. దాన్ని లెక్కతో గెలుస్తారు. 1948లో క్లాడ్ షానన్ ఒక అపురూపమైన సంగతి నిరూపించాడు. రొద ఉన్న దారి మీద కూడా ఒక వేగ పరిమితి లోపల, తప్పుల్ని కావలసినంత తక్కువకు దించి సమాచారం పంపవచ్చు. ఎలాగన్నది చెప్పలేదు, సాధ్యమని మాత్రం చూపాడు. 1950లో రిచర్డ్ హామింగ్ తప్పును కనిపెట్టి తానే దిద్దుకునే కోడ్ కట్టాడు. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు ఇంకా బలమైనది కట్టారు. వాళ్ల కోడే ఈరోజు కిరాణా కొట్టు గోడ మీది క్యూఆర్ కోడ్‌లో ఉంది. గట్టి రకంలో ముప్పై శాతం దాకా మరకపడ్డా చదవగలదు. మిర్చి యార్డు దగ్గర టీ కొట్లో కారపు వేళ్లు తగిలి మాసిన స్టిక్కరు స్కాన్ అవుతోందంటే కారణం ఆ లెక్క. తీగల్లోనూ అదే పని చేస్తుంది. ఠక్కున కొట్టే రొద వరసగా పది బిట్లను మింగేస్తే దిద్దడం కష్టం. అందుకే బిట్లను పంపే ముందే వరస చెదరగొడతారు. ఉన్న నాలుగెకరాలూ ఒకే చోట కాక నాలుగు దిక్కులా ఉన్న రైతుకు వడగండ్ల వాన ఒక్క చెక్కనే దెబ్బతీస్తుంది. దెబ్బ చిన్నదైతే కోలుకోవచ్చు.

గాలిలో పోయే వైఫై, బ్లూటూత్‌ల సంగతి వేరే వ్యాసమే అవుతుంది. ఒక్క ఉదాహరణ చాలు. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కు పెడితే వైర్‌లెస్ మౌసు మొరాయించడం చాలామంది చూసే ఉంటారు. ఆ తీగలో డేటా వేగం వల్ల పుట్టే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుందని ఇంటెల్ 2012లోనే కొలిచి చెప్పింది. డాంగిల్‌ను చిన్న తీగతో కాస్త దూరం జరిపితే సరిపోతుంది.

రొదను పుట్టిన చోటే ఆపేది చట్టం. 1934లో పారిస్‌లో ఏర్పడిన సిస్పర్ కమిటీ రేడియో శ్రోతల కోసం హద్దులు గీయడం మొదలుపెట్టింది. కంప్యూటర్ల రొదకు అమెరికా 1979లో, ఐరోపా 1996 నుంచి తప్పనిసరి పరిమితులు పెట్టాయి. మన దేశంలో టెలికం పరికరాలకు తప్పనిసరి పరీక్ష 2017 నిబంధనలతో వచ్చి, 2019 అక్టోబరు 1 నుంచి దశలవారీగా అమలవుతోంది. పరీక్షించడానికి ప్రయోగశాలలూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సమీర్‌కు విశాఖపట్నంలో విద్యుదయస్కాంత ప్రభావాల కోసమే ఒక కేంద్రం ఉంది. లోటు ఇంకో చోట ఉంది. మోడెం పరీక్ష దాటి వస్తుంది. దాని పక్కన సాకెట్లో పెట్టే పేరులేని చార్జరూ, బండి మీద అమ్మే ఎల్ఈడీ బల్బూ ఏ పరీక్షా దాటి రావు. అందులో ఫిల్టరు పెట్టాల్సిన చోట ఖాళీ గుంట ఉంటుంది. కొన్ని రూపాయలు మిగుల్చుకోవడానికి తీసేసిన ఆ చిన్న చుట్ట భారం వీధి అంతా మోస్తుంది.

కోల్డ్ స్టోరేజీ, మిల్లు, కాటా, ఇంటర్నెట్ సెంటరు ఏది నడిపేవాళ్లకైనా ఒక విన్నపం. డ్రైవు కొనేముందు, కవచం కేబులు కొనేముందు, మీ ఎర్త్ పిట్‌ను ఎర్త్ మెగ్గరుతో కొలిపించండి. ఆ కొలత ఆగస్టులో కాదు, నేల నెర్రెలు విచ్చిన మే నెలలో తీయించండి.